ట్యూడ్లీలో పన్నెండు కిటికీలు

ఇంగ్లండ్‌లోని కెంట్ కౌంటీలో, టన్‌బ్రిడ్జ్ అనే పట్టణానికి తూర్పున రెండు మూడు మైళ్ళు వెళ్తే ట్యూడ్లీ అనే చిన్న పల్లె వస్తుంది. అక్కడ ఆల్ సెయింట్స్ అని ఒక పారిష్ చర్చి ఉంది. పారిష్ అంటే ఒక పాస్టరు గారి బాధ్యతలో ఉండే ప్రాంతం. మన దగ్గర సీఎస్ఐ వాళ్ళు పాస్టరేట్ అంటారు, కేథలిక్కులు విచారణ అంటారు. ఈ చర్చి ఫొటో బయటినుంచి చూస్తే ఎవరికీ ఆగి చూడాలనిపించదు. ఎర్ర ఇటుకల టవరు, పెంకుల కప్పు, చుట్టూ సమాధి రాళ్ళు, ఆ వెనక పొలాలు. ఇంగ్లండ్ పల్లెల్లో ఇలాంటివి వేలల్లో ఉంటాయి.

లోపల మాత్రం పన్నెండు కిటికీలు. పన్నెండింటికీ డిజైన్ చేసింది మార్క్ షగాల్. ఇరవయ్యో శతాబ్దపు చిత్రకారుల్లో పికాసో, మాతీస్ సరసన చెప్పుకునే మనిషి. జెరూసలేంలో, జ్యూరిక్‌లో, మైన్జ్‌లో, మెట్జ్‌లో ఆయన చేసిన గాజు కిటికీలు ఉన్నాయి. ఐక్యరాజ్య సమితి భవనంలోనూ ఉంది. కానీ ఉన్న కిటికీలన్నీ ఆయనవే అయిన చర్చి ప్రపంచంలో ఈ పల్లెటూళ్ళో ఉన్నది ఒక్కటే. ఎందుకు ఇక్కడ? మన ఫైనల్ ఇయర్ వయసున్న ఒక అమ్మాయి చనిపోవడం వల్ల.

ఆ అమ్మాయి పేరు సారా డావిగ్డోర్-గోల్డ్‌స్మిడ్. ఆ ఊరి దగ్గరే సమర్‌హిల్ అనే పెద్ద బంగళాలో ఉండే కుటుంబం. తండ్రి సర్ హెన్రీ యూదుడు, కన్సర్వేటివ్ పార్టీ తరఫున పార్లమెంటు సభ్యుడు. తల్లి రోజ్‌మేరీ ఆంగ్లికన్ క్రైస్తవురాలు. పిల్లల్ని తల్లి మతంలోనే పెంచారు. 1963లో రై అనే ఊరి దగ్గర సముద్రంలో తెరచాప పడవ ప్రమాదంలో సారా మునిగిపోయింది. అప్పుడామెకు 21 ఏళ్ళు.

దానికి రెండేళ్ళ ముందు, 1961లో, తల్లీ కూతుళ్ళు పారిస్‌లో ఒక ఎగ్జిబిషన్ చూశారు. జెరూసలేంలోని హదస్సా ఆసుపత్రి ప్రార్థనా మందిరానికి షగాల్ చేసిన పన్నెండు కిటికీల్ని అక్కడికి పంపే ముందు పారిస్‌లో ప్రదర్శనకు పెట్టారు. సారాకి అవి బాగా నచ్చాయట. కూతురు పోయాక ఆమె గుర్తుగా ఊరి చర్చిలో ఏదైనా చెయ్యాలనుకున్నప్పుడు తల్లిదండ్రులు ఆ షగాల్‌నే అడిగారు. మొదట ఆయన అంత తేలిగ్గా ఒప్పుకోలేదంటారు. చివరికి తూర్పు గోడలోని పెద్ద కిటికీ ఒక్కటీ చేస్తానన్నాడు. 1967లో దాన్ని బిగించారు. అప్పటికి ఆయనకు ఎనభై ఏళ్ళు. చర్చిలోకి వచ్చి చూసి, భలే ఉంది, మిగతావన్నీ కూడా నేనే చేస్తాను అన్నాడని అక్కడివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అన్నమాట ప్రకారం చేశాడు కూడా. ఆఖరి కిటికీలు పెట్టింది 1985లో. అదే ఏడాది మార్చిలో 97 ఏళ్ళ వయసులో షగాల్ పోయాడు.

కథ ఇంతే. దీన్ని యూట్యూబ్‌లో నాలుగు నిమిషాల్లో చెప్పేస్తారు, వెనకాల పియానో మోగుతూ ఉంటుంది. నాకు అసలు ఆసక్తి మొదలైంది ఆ తూర్పు కిటికీని నెమ్మదిగా, కింది నుంచి పైకి చూసినప్పుడు.

అడుగు భాగమంతా ముదురు నీలం. అది సముద్రం. అలల మధ్య ఒక అమ్మాయి శరీరం తేలుతూ ఉంటుంది. దగ్గర్లో దుఃఖంలో ఉన్న మనుషులు, పిల్లల్ని పట్టుకున్న ఒక తల్లి. కాస్త పైకి వస్తే ఎర్ర గుర్రం, దాని మీద ఒక ఆకారం. షగాల్ బొమ్మల్లో గుర్రాలు, గాడిదలు, కోళ్ళు చిన్నప్పటి ఊరి నుంచి వచ్చినవి. ఎక్కడ కనిపించినా వాటితో పాటు కొంచెం సంతోషం తెస్తాయి. తర్వాత ఒక నిచ్చెన. ఆ నిచ్చెన ఎక్కుతూ మళ్ళీ ఆ అమ్మాయే. అన్నిటికన్నా పైన శిలువ మీద క్రీస్తు, చేతులు చాపి. ఆ ముఖంలో యాతన కనపడదు. వస్తున్న మనిషికి ఎదురుచూస్తున్నట్టు ఉంటాడు.

మామూలుగా చెప్పే అర్థం ఏమిటంటే, కింద మరణం, పైన మోక్షం, మధ్యలో నిచ్చెన. తప్పు కాదు. కానీ రంగుల్ని చూడండి. కింద సముద్రం ఏ నీలమో పైన ఆకాశం దాదాపు అదే నీలం. అమ్మాయిని మింగిన నీళ్ళకి నలుపు వేసి, స్వర్గానికి బంగారు రంగు వేసి ఉంటే అది మనకు తెలిసిన కేలండర్ బొమ్మ అయ్యేది. షగాల్ సముద్రాన్ని విలన్‌ని చెయ్యలేదు. ఒకే నీలం కింద ముంచుతోంది, పైన మోస్తోంది. బిడ్డ పోయిన తల్లిదండ్రులకు అబద్ధం చెప్పకుండా ఓదార్పు ఇవ్వడమంటే ఇదేనేమో అని నాకనిపించింది. సముద్రం లేదని చెప్పలేదు, దాన్ని చిన్నది చేసి కూడా చూపలేదు. కిటికీలో చాలా భాగం సముద్రమే.

ఒక యూదు చిత్రకారుడు శిలువను ఇంత తరచుగా ఎందుకు వేశాడనేది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. షగాల్ 1887లో విటెబ్స్క్ ప్రాంతంలో పుట్టాడు. అది అప్పట్లో రష్యా సామ్రాజ్యం, ఇప్పుడు బెలారుస్. హసీదీ యూదుల కుటుంబం, తండ్రి హెర్రింగ్ చేపల గిడ్డంగిలో కూలి. 1938లో, జర్మనీలో యూదుల మీద దాడులు పెరిగిపోయిన రోజుల్లో, ఆయన వేసిన చిత్రం పేరు వైట్ క్రుసిఫిక్షన్. అందులో క్రీస్తు నడుముకు కట్టుకున్నది యూదులు ప్రార్థనలో కప్పుకునే శాలువా. చుట్టూ తగలబడుతున్న ఇళ్ళు, పారిపోతున్న మనుషులు. ఆ శిలువకి కూడా ఒక నిచ్చెన ఆనించి ఉంటుంది. షగాల్‌కి క్రీస్తు అంటే ముందుగా హింస పడిన ఒక యూదుడు. 1941లో ఆయన కూడా నాజీల చేతిలో ఉన్న ఫ్రాన్స్ నుంచి అమెరికాకు తప్పించుకుపోయాడు. 1944లో అక్కడే భార్య బెల్లా చనిపోయింది. ఆ తర్వాత కొన్ని నెలలు బ్రష్ ముట్టుకోలేదు.

అందుకే ట్యూడ్లీ కిటికీ దగ్గర యూదు తండ్రి, క్రైస్తవ తల్లి, యూదు చిత్రకారుడు, ఆంగ్లికన్ చర్చి అనే లెక్క నాకు వింతగా తోచలేదు. నిచ్చెన యూదుల గ్రంథంలో యాకోబు కలలోది, శిలువ క్రైస్తవుల గ్రంథంలోది. రెండూ ఒకే కిటికీలో, ఒకే ఇంట్లో ఉన్నట్టే ఉన్నాయి.

ఇక మన సబ్జెక్టుకి వద్దాం. తెలుగులో గాజు అన్నా గాజులు అన్నా ఒకే మాట. గాజుల షాపులో కనిపించే ఆ రంగులన్నీ ఎలా వస్తాయో చర్చి కిటికీ రంగులూ సూత్రం ప్రకారం అలాగే వస్తాయి. కరిగిన గాజులో లోహాల ఆక్సైడ్లు కలుపుతారు. కోబాల్ట్ కలిపితే నీలం, మాంగనీసుతో ఊదా, ఇనుముతో ఆకుపచ్చ, రాగితోనో బంగారంతోనో ఎరుపు. ఎరుపు దగ్గర ఒక చిక్కు ఉంది. రాగి ఎరుపు ఎంత గాఢంగా ఉంటుందంటే, పలక మందమంతా అదే గాజైతే వెలుగు దాటదు, నల్లగా కనపడుతుంది. అందుకని మధ్యయుగంలోనే ఒక ఉపాయం కనిపెట్టారు. తెల్ల గాజు ముద్దని ఎర్ర గాజులో ముంచి ఊదితే, తెల్ల పలక మీద వెంట్రుక మందాన ఎర్ర పొర వస్తుంది. దీన్ని ఫ్లాష్డ్ గ్లాస్ అంటారు.

షగాల్ కిటికీల రహస్యం అంతా ఈ పొరలో ఉంది. ఆయన కాగితం మీద రంగులు వేసి ఇచ్చిన డిజైన్లను గాజులోకి మార్చినవాడు షార్ల్ మార్క్. ఫ్రాన్స్‌లోని రీమ్స్ పట్టణంలో సిమోన్ కుటుంబపు గాజు వర్క్‌షాపు ఉంది, తరతరాలుగా ఇదే వృత్తి. మార్క్ ఆ ఇంటి అల్లుడు. పాత పద్ధతిలో ఒక గాజు ముక్కకి ఒకే రంగు. రంగు మారాలంటే ముక్క మారాలి, రెండు ముక్కల మధ్య సీసపు పట్టీ రావాలి. కాబట్టి బొమ్మ అంతా నల్ల గీతల గళ్ళలో ఇరుక్కుంటుంది. షగాల్ వేసేదేమో నీళ్ళలో పాకే రంగు. నీలంలోంచి ఆకుపచ్చ, దాంట్లోంచి తెలుపు, మధ్యలో హద్దు ఉండదు. దీన్ని గాజులోకి ఎలా తేవాలి?

మార్క్ చేసిన పని ఇది. పొర ఉన్న గాజు తీసుకుని, ఎక్కడ రంగు తగ్గాలో అక్కడ హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్‌తో తినిపించాడు. ఈ ఆసిడ్‌ని గాజు సీసాలో పెట్టకూడదని ఇంటర్ కెమిస్ట్రీలో బట్టీ కొట్టాం కదా. అది సిలికాని కరిగించేస్తుంది కాబట్టే. అక్కడ ఏది ప్రమాదమో ఇక్కడ అదే పనిముట్టు. ఎక్కువసేపు ఉంచితే పొర పూర్తిగా పోయి తెలుపు వస్తుంది, తక్కువసేపు ఉంచితే లేత నీలం. అంటే ఒకే ముక్కలో, సీసం గీత లేకుండా, ముదురు నుంచి తెలుపు వరకు అన్ని ఛాయలూ. మనవాళ్ళు పీసీబీ చెయ్యడానికి రాగి పొరని ఎచింగ్ చేస్తారే, అదే ఆలోచన. ఇక్కడ మాత్రం ఎంతసేపు ఉంచాలన్నది కంటితోనే తేల్చుకోవాలి, ఆసిడ్ తినేశాక వెనక్కి తీసుకునే వీలు లేదు.

ఆ తర్వాత షగాల్ స్వయంగా వర్క్‌షాపుకి వచ్చి గాజు మీద గ్రిసాయ్‌తో గీసేవాడు. గ్రిసాయ్ అంటే ఇనుప ఆక్సైడ్ లాంటి పొడి, నూరిన గాజు కలిపిన ముదురు రంగు. బ్రష్‌తో పూయడం, గుడ్డతో తుడవడం, వేలితో రుద్దడం, పుల్లతో గీకడం, తర్వాత కొలిమిలో సుమారు 600 డిగ్రీల పైన కాల్చడం. దాంతో అది గాజులో భాగం అయిపోతుంది. ట్యూడ్లీ కిటికీల క్లోజప్ ఫొటోలు చూస్తే ముఖాలూ రెక్కలూ అన్నీ ఈ గీకుళ్ళతోనే కనిపిస్తాయి. పెద్ద చర్చి కిటికీలాగా కాదు, నోటుబుక్కు వెనక పేజీలో గీసుకున్నట్టు ఉంటాయి.

పసుపు గురించి కూడా ఒక్క మాట. వెండి సమ్మేళనాన్ని గాజు మీద పూసి కాలిస్తే వెండి అయాన్లు లోపలికి వెళ్ళి సోడియం అయాన్ల స్థానంలో చేరతాయి. తర్వాత నానో కణాలుగా మారి పసుపు రంగునిస్తాయి. 1300 ప్రాంతం నుంచీ యూరప్‌లో వాడుతున్న పద్ధతి. మెటలర్జీ వాళ్ళు నానో టెక్నాలజీ అనగానే స్లైడ్లు తీస్తారు, చర్చి గాజు పనివాళ్ళు ఏడు వందల ఏళ్ళ కిందటే చేశారు, ఆ పేరు తెలియకుండా.

ముక్కలన్నీ అయ్యాక ఇంగ్లీషు హెచ్ అక్షరం ఆకారంలో ఉండే సీసపు పట్టీల్లో దూర్చి, కలిసే చోట టంకం పెట్టి, సందుల్లో పుట్టీ పట్టిస్తారు. సీసం మెత్తన. గాలి తోపుకి, ఎండకి, సొంత బరువుకి ఏళ్ళ మీద సాగి కిటికీ పొట్ట వస్తుంది. సివిల్ వాళ్ళకి క్రీప్ అంటే తెలుసు. అందుకే అడ్డంగా ఇనుప కడ్డీలు పెట్టి, రాగి తీగలతో సీసానికి కడతారు. మామూలు కిటికీల్లో సీసం గీత బొమ్మ అంచు వెంటే పోతుంది. షగాల్, మార్క్ కలిసి చేసినవాటిలో ముక్కలు కలపడానికి తప్ప హద్దులు గియ్యడానికి సీసం అవసరం లేదు. కాబట్టి ఆ నల్ల గీతలు అల పోయినట్టు స్వేచ్ఛగా పోతాయి. తూర్పు కిటికీలో అవి మీకు వెంటనే కనపడకపోతే పనివాడు నెగ్గినట్టే.

మిగతా కిటికీలు చిన్నవి. వాటిలో పెద్ద కథలు లేవు. దేవదూతలు, పక్షులు, చేపలు, ఆకులు, ఒక గాడిద. బైబిల్లో ఎనిమిదో కీర్తన వాటికి ప్రేరణ అంటారు. ఇంత పెద్ద సృష్టిలో మనిషి ఎంత అనే ప్రశ్న, పొలంలో జంతువులు, ఆకాశంలో పక్షులు, సముద్రంలో చేపలు ఉండే కీర్తన అది. ఉత్తరం వైపు కిటికీలు ఎక్కువగా నీలం, దక్షిణం వైపువి పసుపు. ట్యూడ్లీ 51 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. అక్కడ సూర్యుడు నడినెత్తికి ఎప్పుడూ రాడు, ఏడాది పొడుగునా మధ్యాహ్నం దక్షిణం వైపే ఉంటాడు. కాబట్టి దక్షిణపు కిటికీలకి సూటి ఎండ, ఉత్తరపు కిటికీలకి ఆకాశం నుంచి వచ్చే చల్లని వెలుతురు. ఎండ వచ్చేచోట పసుపు, నీడ ఉండేచోట నీలం. తూర్పు కిటికీకి పొద్దుటి వెలుగు. మబ్బు పట్టిన రోజు, చలికాలపు సాయంత్రం, ఏప్రిల్ ఎండ, ఒక్కోసారి ఒక్కో చర్చి అన్నమాట.

ఇలాంటిది దగ్గర్లో చూడాలంటే మెదక్ వెళ్ళండి. 1924 క్రిస్మస్ రోజున ప్రారంభమైన ఆ కేథడ్రల్‌లో మూడు పెద్ద రంగుల గాజు కిటికీలున్నాయి. బయట నిలబడి చూస్తే బూడిద రంగులో, దుమ్ము పట్టినట్టు కనపడతాయి. లోపలికి అడుగుపెడితే అవే మండుతాయి. గాజు కిటికీ బొమ్మ ఎప్పుడూ లోపల ఉన్నవాడికే. చీకటి పడ్డాక బొమ్మే ఉండదు. మెదక్ కిటికీలు ట్యూడ్లీ లాంటివి కావు. అక్కడ ప్రతి ముఖం స్పష్టంగా, ఆయిల్ పెయింటింగ్‌లాగా ఉంటుంది, కథ దూరం నుంచే చదవొచ్చు. వేలమంది కూర్చునే హాలుకి అదే సరైన పద్ధతి. ట్యూడ్లీ చిన్నది, గాజుకి మొహం దగ్గరగా పెట్టి చూడొచ్చు.

ట్యూడ్లీని నేను ఫొటోల్లోనే చదివాను. ఫొటో దగ్గర ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. కెమెరా గాజుకి ఎక్స్‌పోజ్ చేస్తే గోడ నల్లబడిపోతుంది, గోడకి ఎక్స్‌పోజ్ చేస్తే గాజు తెల్లగా మాడిపోతుంది. కంటికి రెండూ ఒకేసారి కనపడతాయి. నీలపు వెలుగు తెల్ల గోడ మీద, నేల మీద పడి పాకడం ఫొటోలో సగానికి సగం పోతుంది. అయినా పుస్తకంలో ప్రింటు కన్నా ఫోనే నయం. ఎల్‌సీడీ స్క్రీన్ కూడా వెనకనుంచి లైటు పడే రంగు ఫిల్టరే కదా. బ్రైట్‌నెస్ పెంచి, గదిలో లైటు ఆపి చూడండి.

ఇప్పుడు కథలో అందరూ తొందరగా దాటేసే భాగం. పన్నెండు కిటికీలకి 1967 నుంచి 1985 దాకా, పద్దెనిమిదేళ్ళు ఎందుకు పట్టింది? షగాల్ వయసు ఒక్కటే కారణం కాదు. ఆల్టరు ఉండే ముందు భాగంలో నాలుగు కిటికీలకి అప్పటికే విక్టోరియా కాలపు రంగుల గాజు ఉంది. షగాల్‌వి పెట్టాలంటే అవి తీసేయాలి. ఇంగ్లండ్ చర్చిలో పాస్టరు గారికి నచ్చినా, దాతకి నచ్చినా ఇష్టం వచ్చినట్టు మార్చడానికి లేదు. ఇలాంటి మార్పులకి డయోసిస్ నుంచి ఫాకల్టీ అనే అనుమతి కావాలి. మన కాలేజీ ఫాకల్టీ కాదు, ఆ అనుమతి పేరే అది. అభ్యంతరాలుంటే వినాలి.

ఇక్కడ నేను ఎటు? షగాల్ అభిమానిగా వెంటనే పాతవి తీసేయండి అనాలనిపిస్తుంది. కానీ ఒక్క నిమిషం ఆగండి. ఆ పాత కిటికీల్ని కూడా ఎవరో ఊళ్ళోవాళ్ళు పెట్టించుకున్నవే. వాటి కింద తరాల తరబడి పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు, అంత్యక్రియలు జరిగాయి. వాటికి ప్రపంచ ప్రఖ్యాతి లేకపోవచ్చు, ఊరికి అలవాటు ఉంది. బంగళాలో ఉండే పెద్ద కుటుంబం దుఃఖానికి ఫ్రాన్స్ నుంచి గొప్ప చిత్రకారుడు వచ్చాడు. మామూలు ఇంట్లో బిడ్డ పోతే బయట ఒక రాయి పడుతుంది, అంతే. ఈ తేడా ఆ చర్చి ఆవరణలో నిలబడిన ఎవరికైనా కనపడే ఉంటుంది. ఇదంతా పెట్టుకుని కూడా, నేను ఆ కమిటీలో ఉంటే షగాల్‌కే ఓటేసేవాణ్ణి. కారణం ఆయన పేరు కాదు. తూర్పు కిటికీ పక్కన వేరే రంగుల గాజు ఉంటే ఆ వెలుగు కలగాపులగం అయిపోతుంది. ఆ నీలం నిలవాలంటే గది మొత్తం ఒక్క చేతిలో ఉండాలి. కాకపోతే పాతవాటిని పగలగొట్టకూడదు అని షరతు పెట్టేవాణ్ణి.

వాళ్ళు సరిగ్గా అదే చేశారు. 1985లో ఆఖరి నాలుగు షగాల్ కిటికీలు ఆల్టరు పక్కకి వచ్చాయి. సర్ హెన్రీ వాటిని చూడలేదు, 1976లోనే పోయాడు. తీసిన విక్టోరియా గాజుని జాగ్రత్తగా విప్పి, పాస్టరు గారు అంగీ మార్చుకునే వెస్ట్రీ గదిలోకి తెచ్చి బిగించారు. అక్కడ వాటి వెనక ఎండ రాదు. అందుకని బల్బులు పెట్టారు, మబ్బు పట్టినా చీకటి పడినా వాటి రంగు ఒకేలా ఉంటుంది.